ముందు చక్రాల న్యాయం

పోయిన చలికాలం ఒక ఆదివారం పొద్దున, శామీర్‌పేటలో రాజీవ్ రహదారి మీంచి సర్వీసు రోడ్డులోకి తిప్పుతుంటే మా మోరిస్ మైనర్ ముందు చక్రం మడతపడింది. పంక్చర్ కాదు, టైరు పేలడమూ కాదు. నడుస్తున్న మనిషికి ఉన్నట్టుండి మడమ పక్కకి మళ్ళితే ఎట్లా కూలబడతాడో అట్లా కూలబడింది. ముక్కు నేలకి ఆనించి, గజం దూరం గీసుకుంటూ పోయి ఆగింది. అప్పుడు నా వేగం గంటకి పది కిలోమీటర్లు కూడా ఉండి ఉండదు. అంతకు రెండు నిమిషాల ముందు, టిప్పర్ల మధ్య, అరవైలో ఉన్నాను.

వెనకే ఒక స్కూటీ. నడుపుతున్నామె ముందు ఒక పిల్లవాడు నిలబడి ఉన్నాడు. ఆమె నా బంపరుకి జానెడు దూరంలో ఆపగలిగింది. దిగి, పిల్లవాణ్ణి ఒకసారి తడిమి చూసుకుని, నా దగ్గరికొచ్చి, "అన్నా, గిసొంటి బండ్లు ఇంట్ల వెట్టుకోరాదు? రోడ్డు మీదికెందుకు తెస్తరు?" అంది. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది. నిజంగానే అడిగింది. నేను "సారీ అక్కా" అన్నాను, కానీ అది జవాబు కాదని ఇద్దరికీ తెలుసు.

ఆ తర్వాత మూడు నెలలు కారు ముందుభాగం విప్పి పెట్టుకుని, దాన్ని ఉన్నదున్నట్టు బాగుచేయాలా, మార్చాలా అని కొట్టుమిట్టాడాను. షాక్ అబ్జార్బర్ల గురించి ఒక సాహిత్య పత్రికలో రాయడమేంటని మీకు అనిపించవచ్చు. నాకూ అనిపించింది. కానీ ఆ మూడు నెలల్లో నేను పోట్లాడింది ఇనుముతో కాదు. వారసత్వంగా వచ్చిన వస్తువు పట్ల మన బాధ్యత ఏమిటి, ఆ బాధ్యత ఖర్చు ఎవరు కట్టాలి అన్న ప్రశ్నతో.

* * *

కారు మా తాతది. కరీంనగర్‌లో వకీలు. 1954 మోడల్ కారుని 1962లో సికింద్రాబాదులో సెకండ్ హ్యాండులో కొన్నాడు. ముందు అద్దం రెండు ముక్కలుగా ఉంటుంది, మధ్యలో ఒక నిలువు పట్టీ. ఇంజను 803 సీసీ. తాత తర్వాత మా బాపు నడిపాడు. రిటైరయ్యాక శామీర్‌పేట అవతల అలియాబాద్ దగ్గర చిన్న ఇల్లు కట్టుకుని, కారుని ఇక్కడికి తెచ్చుకున్నాడు. 2019లో బాపు పోయాడు. కారు నాకు మిగిలింది.

నా చిన్నప్పుడు సెలవులకి కరీంనగర్ నుంచి హైదరాబాదుకి ఇందులోనే వచ్చేవాళ్ళం. వెనక సీట్లో అమ్మ ఒళ్ళో తలపెట్టి పడుకుంటే కారు ఊగుతూ ఉండేది. ప్రతి గుంతకీ ఒకసారి కిందికి దిగి, పైకి లేచి, మళ్ళీ దిగి, మళ్ళీ కొంచెం లేచి, మెల్లగా సర్దుకునేది. సిద్దిపేట రాకముందే నిద్రపోయేవాణ్ణి. నాకు ఊయల జ్ఞాపకం లేదు కానీ, ఈ ఊపు ఒంట్లో ఉంది.

ఆ ఊపు ఎక్కడిదో ఇప్పుడు నాకు తెలుసు. మోరిస్ మైనర్‌లో ముందు చక్రాలకి చుట్ట స్ప్రింగులు ఉండవు. కారు పొడవునా అడుగున రెండు ఉక్కు కడ్డీలు ఉంటాయి, ఒక్కో చక్రానికి ఒకటి. చక్రం గుంతలో పడి లేచినప్పుడు కడ్డీ బట్ట పిండినట్టు మెలితిరిగి, మళ్ళీ విడుతుంది. దాన్నే టార్షన్ బార్ అంటారు. కానీ ఏ స్ప్రింగైనా ఒకసారి కదిలితే తనంతట తాను ఆగదు. ఆపడానికి ఇంకొకటి కావాలి. ఇప్పటి కార్లలో అది గొట్టం ఆకారంలో ఉండే షాక్ అబ్జార్బర్. మైనర్‌లో అది నూనె నింపిన చిన్న ఇనప డబ్బా. దానికి ఒక చెయ్యి ఉంటుంది. చక్రాన్ని పైనుంచి పట్టుకునేదీ ఆ చెయ్యే, ఊపుని అణిచేదీ ఆ చెయ్యే. ఒకే భాగానికి రెండు ఉద్యోగాలు. డబ్బాలో నూనె కారిపోతేనో, లోపలి వాల్వులు అరిగితేనో అది పట్టుకోవడం మానదు, అణచడం మానేస్తుంది. కారు నడుస్తూనే ఉంటుంది. ఊగుతూ ఉంటుంది.

అంటే, నన్ను నిద్రపుచ్చింది ఒక అరిగిపోయిన భాగం. నా బాల్యంలో అతి మెత్తని జ్ఞాపకం సాంకేతికంగా చెప్పాలంటే ఒక లోపం. ఈ సంగతి అర్థమైన రోజు నాకు నవ్వొచ్చింది, తర్వాత కొంచెం దిగులేసింది.

* * *

చక్రం మడతపడటానికి కారణం మాత్రం వేరు. చక్రాన్ని మోసే నిలువు పిన్నుకి పైనా కిందా మరలు ఉంటాయి. అవి ట్రనియన్ అనే ముక్కల్లోకి బిగిసి, స్టీరింగ్ తిప్పినప్పుడల్లా మరలోనే తిరుగుతాయి. ఆ మరల మధ్య గ్రీజు ఉండాలి. గ్రీజు లేకపోతే మర అరుగుతుంది. అరిగి అరిగి ఒకరోజు పిన్ను ఊడి బయటికొస్తుంది, చక్రం ఒరుగుతుంది. మోరిస్ మైనర్ నడిపేవాళ్ళకి ప్రపంచమంతా తెలిసిన జబ్బు ఇది. చాలాసార్లు నెమ్మదిగా మలుపు తిప్పుతున్నప్పుడే జరుగుతుందట. నా విషయంలోనూ అంతే జరిగింది.

మా ఉస్తాద్ (పేరు రాయను, ఆయనకి ఇష్టం ఉండదు; డెబ్బై దాటిన మనిషి, బాపుకి ముప్ఫై ఏళ్ళ స్నేహితుడు) చక్రం విప్పి, ఆ మరని వేలితో తుడిచి నాకు చూపించాడు. పొడిగా, ఎర్రగా ఉంది.

"గ్రీజు ఎప్పుడు కొట్టినవ్ బేటా?"

నేను లెక్క వేసుకున్నాను. బాపు పోయినప్పటి నుంచి కొట్టలేదు.

"మీ బాపు నెలకోపారి కొడుతుండె," అన్నాడు. అంతే అన్నాడు.

ఇక్కడ నా గురించి ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ఐదారేళ్ళలో నేను కారుని పట్టించుకోలేదని కాదు. చాలా పట్టించుకున్నాను. రంగు పోకుండా మైనం రుద్దాను. హార్న్ బటన్ చుట్టూ ఉండే అసలు చిహ్నం కోసం నాలుగు నెలలు వెతికాను. సీటు రెక్సిన్ పాత రంగు దొరక్కపోతే వేయించనని మొండికేశాను. ఎవరైనా "ఏసీ పెట్టించొచ్చుగా" అంటే, పోతన భాగవతాన్ని పొట్టి కథలుగా రాయమన్నట్టు చూసేవాణ్ణి. కారుని నేను ఫోటోలా చూసుకున్నాను. బాపు దాన్ని ఎద్దులా చూసుకున్నాడు. ఎద్దుని ప్రేమించేవాడు దాని కొమ్ములకి రంగు వేస్తాడు, నిజమే. కానీ గిట్టలు ముందు చూస్తాడు.

ఇంటికొచ్చి షెడ్డులో వెతికితే బాపు గ్రీజు గన్ను దొరికింది. దానితోపాటు ఒక నోటుబుక్కు. అందులో తేదీలు, కిలోమీటర్లు, "ముందు నిప్పిళ్ళు అన్నీ అయినవి" అని ఒకే వాక్యం, పేజీ తర్వాత పేజీ. మధ్యలో ఎక్కడో "కుడి చెయ్యి నూనె కారుతున్నది" అని ఉంది. అంటే ఆయనకి తెలుసు.

* * *

ఉస్తాద్ నా ముందు మూడు దార్లు పెట్టాడు.

ఒకటి: ట్రనియన్లు కొత్తవి, అదే నమూనావి. నూనె డబ్బాలని విప్పి, సీళ్ళు మార్చి, మళ్ళీ అవే బిగించడం. కారు 1954లో ఎట్లా ఉండేదో అట్లా అవుతుంది.

రెండు: ట్రనియన్లు అట్లాగే కొత్తవి. నూనె డబ్బాలని తీసెయ్యకుండా వాటి పక్కన బ్రాకెట్టు బిగించి గొట్టం షాక్ అబ్జార్బర్లు పెట్టడం. పాత డబ్బాలోని వాల్వులు తీసేస్తే దాని చెయ్యి చక్రాన్ని పట్టుకునే పని మాత్రం చేస్తుంది. అణిచే పని కొత్తది చేస్తుంది. దేన్నీ కొయ్యక్కర్లేదు. ఇంగ్లండులో మైనర్లు ఉన్నవాళ్ళు ఏళ్ళ తరబడి చేస్తున్న పని ఇది.

మూడు: మొత్తం ముందుభాగం కోసేసి, ఏదైనా ఇప్పటి చిన్న కారు సస్పెన్షను, డిస్కు బ్రేకులతో సహా వెల్డింగ్ చేసి పెట్టడం. "మస్తు నడుస్తది, మీది కారు అని మీకే తెల్వదు," అన్నాడు ఉస్తాద్. ఆయన ముఖం చూస్తే వద్దంటున్నాడో పొగుడుతున్నాడో అర్థం కాలేదు.

మూడోదాన్ని తోసెయ్యడం సులువే. మైనర్‌కి విడిగా ఛాసీ ఉండదు. ఒళ్ళే ఎముక. దాన్ని కొయ్యడమంటే వెన్నుపూస కొయ్యడం. చట్టం కూడా ఒప్పదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు ఇచ్చిన వివరాలకి విరుద్ధంగా బండిని మార్చకూడదంటుంది. 2019లో సుప్రీంకోర్టు ఆ మాటనే గట్టిగా చెప్పింది. అసలు మథనం మొదటి రెండింటి మధ్యే.

నాలోని ఛాందసుడు మొదటిదే అన్నాడు. "అసలుది" అసలుదిగా ఉండాలి. కొత్త షాక్ అబ్జార్బరు పెడితే కారు నడక మారిపోతుంది. నడక మారిపోతే అది తాత కారు, బాపు కారు ఎట్లా అవుతుంది?

ఈ ప్రశ్న పాతదే. ప్లూటార్క్ చెప్పిన థీసియస్ ఓడ కథ చాలామంది విని ఉంటారు: చెక్కలు ఒక్కొక్కటే మార్చుకుంటూ పోతే అది అదే ఓడా? మన వైపు ఇంకా దగ్గరి ఉదాహరణ ఉంది. మిళిందపన్హలో నాగసేనుడు రాజుని అడుగుతాడు: నువ్వు రథం మీద వచ్చానన్నావు కదా, ఇరుసు రథమా? చక్రాలు రథమా? కాడి రథమా? అన్నీ కుప్పగా పోస్తే రథమా? దేనికీ రాజు అవుననలేకపోతాడు. ఈ భాగాలన్నీ కలిసి ఉన్నప్పుడు మనం వాడుకకి పెట్టుకున్న పేరే రథం, దాని వెనక వేరే "రథత్వం" ఏదీ లేదు అన్నది నాగసేనుడి మాట. మనిషికీ అంతే అంటాడు.

కాలేజీ రోజుల్లో ఇది చదివి తెలివైన వాదనని మెచ్చుకున్నాను. విప్పిన చక్రం ముందు పీట వేసుకుని కూర్చున్నప్పుడు ఇంకో సంగతి తోచింది. అక్కడ కారు నిజంగానే భాగాల కుప్ప. దేన్ని చేతిలోకి తీసుకున్నా అది కారు కాదు. అలాంటప్పుడు, ఏ భాగానికీ సొంతంగా కారుతనం లేనప్పుడు, ఒక నూనె డబ్బాకి తనని మార్చకూడదని అడిగే హక్కు ఎక్కడినుంచి వచ్చింది? ఆ హక్కు దానికి నేనిచ్చిందే. నేనిచ్చిన హక్కుకి ఎవరు ఎంత చెల్లించాల్సి వస్తుందో చూడాల్సిన బాధ్యత కూడా నాదే కదా.

* * *

"అసలుది" అన్న మాట మీద నా నమ్మకాన్ని ఇంకో చిన్న సంగతి కదిలించింది. మోరిస్ మైనర్‌ని రూపొందించింది అలెక్ ఇసిగోనిస్. తర్వాత మినీని చేసినాయన. 1948 అక్టోబరులో లండన్ ఎర్ల్స్ కోర్టు ప్రదర్శనలో మైనర్ బయటికొచ్చింది; 1961 వచ్చేసరికి పది లక్షల కార్లు దాటింది. ఆ ప్రదర్శనకి ముందు, అంతా సిద్ధమయ్యాక, కారు మరీ సన్నగా ఉందని ఆయనకి అనిపించిందట. నమూనా కారుని నిలువునా రెండుగా కోయించి, రెండు సగాలని దూరం జరుపుతూ, చూపుకి నచ్చినచోట ఆపించాడు. నాలుగు అంగుళాలు. అందుకే మైనర్ బానెట్ మధ్యలో ఒక చదునైన పట్టీ ఉంటుంది. అప్పటికే తయారై ఉన్న బంపర్లని కూడా మధ్యలో కోసి, నాలుగు అంగుళాల ముక్క అతికించారు. ఇంజను విషయంలోనూ అంతే. ఆయన అనుకున్నది ఒకటి, చివరికి పెట్టింది అంతకుముందు మోరిస్ కారులోని పాత ఇంజను.

నేను ఏళ్ళ తరబడి మైనం రుద్దిన ఆ బానెట్ మీది పట్టీ ఒక సవరణ గుర్తు. అసలుదే ఒక అతుకు. సృష్టికర్తకి కారు పవిత్రం కాదు, పని. నచ్చకపోతే కోశాడు. పవిత్రత తర్వాత వచ్చినవాళ్ళం అంటించాం.

మరి మార్పులేని అసలుది చూడాలంటే? మన ఊళ్ళోనే ఉంది. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్. 1912 సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా కోసం తయారైంది. కానీ ఆయన 1911లోనే పోయాడు. ఆ తర్వాత అది కొన్ని వందల మైళ్ళకి మించి తిరగలేదని చెబుతారు. ఎంత అందంగా ఉంటుందో చూసినవాళ్ళకి తెలుసు. కానీ అది అసలుదిగా మిగలడానికి కారణం, దానితో ఎవరికీ పెద్దగా పని పడకపోవడం. తిరిగినది అరుగుతుంది, అరిగినది మారుతుంది. మార్పులేనితనం అన్నది వాడుక లేకపోవడానికి ఇంకో పేరు.

స్కూటీ ఆమె ప్రశ్నకి ఒక జవాబు ఇదే కావచ్చు. ఇంట్లో పెట్టుకో. దీపం పెట్టి చూసుకో.

* * *

ఉద్యోగరీత్యా నేను రోజూ ఎదుర్కొనే సంగతొకటి ఇక్కడ పనికొస్తుంది. పాత కోడు ఉంటుంది. ఎవరో పదేళ్ళ కింద రాసి వెళ్ళిపోయారు. అందరూ "ముట్టుకోకు, నడుస్తోంది" అంటారు. ఎవరూ ముట్టుకోరు. ఒకరోజు ఆగిపోతుంది. ఒక్క అక్షరం మారలేదు కదా అని ఆశ్చర్యపోతాం. మారలేదు నిజమే. దాని కింద ఆపరేటింగ్ సిస్టమ్ మారింది, అది ఆధారపడే లైబ్రరీలు మారాయి, దాని మీద పడే బరువు వందరెట్లయింది. కదలకుండా ఉన్నదానికి చుట్టూ అంతా కదిలిపోతే, అది కదలలేదు అనడం సగం నిజమే.

మా కారు ముందుభాగాన్ని 1954లో ఉన్నట్టు చేసినా, రోడ్డుని 1954లో ఉన్నట్టు చేయలేను. తాత నడిపినప్పుడు కరీంనగర్ దారిలో ఎదురయ్యేవి ఎడ్లబండ్లు, సైకిళ్ళు, అప్పుడప్పుడు ఒక బస్సు. ఊగే కారుకి సర్దుకునే వ్యవధి ఉండేది. ఇప్పుడు హకీంపేట నుంచి తూముకుంట మీదుగా శామీర్‌పేట దాకా, అక్కడినుంచి తుర్కపల్లి జీనోమ్ వ్యాలీ దాకా ఈ రోడ్డు మీద కంపెనీ బస్సులు, టిప్పర్లు, కాలేజీ పిల్లల బైకులు. అకస్మాత్తుగా పక్కకి తప్పుకోవాలి. తప్పుకున్న కారు రెండుసార్లు ఊగి గానీ నిలబడకపోతే, ఆ రెండో ఊపులో పక్కన ఎవరున్నారన్నది నా చేతిలో లేదు.

అంటే నేను "మార్చను" అని గర్వంగా అన్నప్పుడు నిజానికి ఒక మార్పుని ఎంచుకుంటున్నాను. ఒకప్పుడు తన కాలానికి సరిపడా భద్రంగా ఉన్న కారుని, ఈ కాలానికి ప్రమాదకరమైన కారుగా మార్చడాన్ని. నా జ్ఞాపకం నాకు తియ్యన. దాని ఖర్చు స్కూటీ మీద నిలబడ్డ పిల్లవాడు కట్టాల్సి వస్తే అది జ్ఞాపకం కాదు, అప్పు. ఇంకొకరి పేరు మీద తీసుకున్న అప్పు.

నన్ను రెండో దారికి ఒప్పించింది ఇదే.

* * *

అయితే ఇక్కడితో అయిపోతే బావుండేది. భద్రత అనే వాదన ఒకసారి తలుపు తెరిస్తే మళ్ళీ ముయ్యదు. షాక్ అబ్జార్బర్లు అయ్యాయి. డ్రమ్ము బ్రేకుల సంగతేంటి? సీటు బెల్టులు? స్టీరింగ్ కడ్డీ గుండెకి సూటిగా ఉంటుంది, దాని సంగతి? ఒక్కొక్కటీ న్యాయమే. అన్నీ చేస్తే చివరికి మోరిస్ చొక్కా తొడుక్కున్న వేరే కారు. ఎక్కడ ఆగాలి?

చాలా ఆలోచించి నేను గీసుకున్న గీత ఇది: నా అసౌకర్యం నాది, ఎదుటివాడి ప్రమాదం నాది కాదు. ఏసీ లేకపోవడం, పవర్ స్టీరింగ్ లేకపోవడం, ఎండాకాలం రెక్సిన్ సీటుకి వీపు అంటుకోవడం, ఇవన్నీ నేను ఇష్టపడి భరించేవి. పాతదాన్ని ప్రేమించడానికి నేను కట్టే రుసుము. వాటిని మార్చను. కారు ఆగడం, తిరగడం, నిలబడటం మాత్రం రోడ్డు మీద ఉన్న అందరికీ సంబంధించినవి. అక్కడ నా అభిరుచికి ఓటు లేదు. ఈ లెక్కన తర్వాతి వంతు బ్రేకులదే. అది ఇంకా చేయించలేదు. అప్పటిదాకా యాభై దాటను, రాత్రిళ్ళు తియ్యను, వానలో తియ్యను.

ఈ గీత చూపిస్తే ఒక మిత్రుడు తేలిగ్గా చెరిపేశాడు. "నీకు నిజంగా ఎదుటివాడి ప్రాణం మీద అంత పట్టింపు ఉంటే కారే తియ్యకు. నీకు అవసరం లేదు కదా. ఆఫీసుకి వేరే కారుంది. సరదా కోసం తీస్తున్నావు, దాన్ని నీతిగా అలంకరిస్తున్నావు." ఇది బలమైన మాట. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఏ బండి తీసినా ఎదుటివాళ్ళ మీద కొంత ప్రమాదం మోపుతూనే ఉంటాం, సరదాకి సినిమాకెళ్ళినా, పెళ్ళికెళ్ళినా. అది సున్నా కాదు కాబట్టి ఎవరూ కదలకూడదని అనం. చేయగలిగినదంతా చేసి కదలమంటాం. ఐదేళ్ళు గ్రీజు కొట్టకుండా తీసినప్పుడు నాకు ఆ హక్కు లేదు. ఇప్పుడు ఉందా? ఉందని పూర్తిగా అనలేను. ఇంతకుముందు కంటే ఉందని అనగలను.

* * *

ఇంకో బాధ్యత కూడా ఉంది: చెప్పి మార్చడం.

1910లో బెంగళూరు నాగరత్నమ్మ ముద్దుపళని రాధికాసాంత్వనాన్ని మళ్ళీ అచ్చువేయించిన కథ ఈ పత్రిక పాఠకులకి కొత్త కాదు. అంతకుముందు అచ్చయిన ప్రతిలో కవయిత్రి తన గురించి చెప్పుకున్న పీఠిక, కొన్ని పద్యాలు ఎగిరిపోయాయని ఆవిడ గుర్తుపట్టింది, మరో ప్రతి దొరికింది కాబట్టి. దొరక్కపోయి ఉంటే? ఆ కత్తిరించిన రూపమే "అసలుది"గా మిగిలేది. పాత పుస్తకాన్ని పరిష్కరించేవాడు మార్చడమే తప్పు కాదు. లేఖకుడి పొరపాటు దిద్దాలి, అర్థం కాని చోట ఊహించాలి కూడా. కానీ దిద్దిన చోట పాఠాంతరం కింద ఇవ్వాలి. తర్వాతి చదువరికి మనతో విభేదించే వీలు మిగల్చాలి. ఆ కత్తిరింపులో తప్పు ఎక్కడుందంటే, కత్తెర కంటే ఎక్కువగా ఆ మౌనంలో ఉంది.

పాత వాహనాల సంరక్షకులు కూడా ఇంచుమించు ఇదే నీతికి వచ్చారు. ప్రపంచ పాతవాహనాల సమాఖ్య ఫీవా తన టురిన్ చార్టర్‌లో, మార్పు తప్పనిసరైతే వీలైనంత తక్కువ చేయమని, వెనక్కి తీయగలిగేలా చేయమని, తీసిన భాగాలు దాచమని సూచిస్తుంది. కట్టడాల పరిరక్షణ గురించి 1964లో రాసుకున్న వెనిస్ చార్టర్ దానికి ప్రేరణ. మన ప్రభుత్వం 2021లో తెచ్చిన నిబంధనలు, యాభై ఏళ్ళు దాటి "అసలు రూపం"లో ఉన్న బళ్ళని వింటేజ్‌గా గుర్తించి "వీఏ" అక్షరాలతో నంబరిస్తాయి. ఛాసీ, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు ఉండకూడదు. ఆ నంబరున్న బండిని రోజువారీ పనులకి తిప్పకూడదు. ప్రదర్శనలకి, ర్యాలీలకి, పెట్రోలు కోసం, మరమ్మతు కోసం తీయవచ్చు. చదివినప్పుడు చట్టం కూడా నాలాగే తడబడుతోందనిపించింది. అసలుదిగా ఉంచమంటుంది, అసలుదాన్ని మామూలు రోడ్డు మీద నమ్మలేనంటుంది. రెండూ సబబే.

నేను చేసింది బోల్టులతో బిగించిన మార్పు. విప్పితే గంటలో పాతరూపం. తీసిన వాల్వులు నూనెలో ముంచి, ఒక బిస్కెట్ డబ్బాలో పెట్టాను. డబ్బా మీద తేదీ రాశాను. బాపు నోటుబుక్కులో ఆయన చివరి వాక్యం కింద ఒక గీత గీసి ఏం మార్చానో, ఎందుకు మార్చానో నాలుగు వరుసలు రాశాను. రేపు నా కూతురికి నా నిర్ణయం నచ్చకపోతే, వెనక్కి తిప్పేయడానికి కావలసినవన్నీ ఆ డబ్బాలో ఉన్నాయి.

పాత ఇనప డబ్బా మాత్రం కారులోనే ఉంది. దాని చెయ్యి చక్రాన్ని ఇప్పటికీ పట్టుకునే ఉంది. ఊపు ఆపే పని పక్కవాడికి అప్పగించింది, అంతే. రిటైరైన తర్వాత బాపు కూడా కొన్నాళ్ళు ఇంట్లో అట్లాగే ఉన్నాడు.

* * *

పని పూర్తయ్యాక అమ్మని ఎక్కించుకుని చెరువు దాకా వెళ్ళాం. వెనక సీట్లోనే కూర్చుంటానంది. పొద్దున్నే కాబట్టి రోడ్డు ఖాళీగా ఉంది. స్పీడు బ్రేకరు ఎక్కి దిగాం. కారు ఒకసారి దిగి, లేచి, నిలబడింది. అంతే. రెండో ఊపు రాలేదు. నాకు తెలియకుండానే దానికోసం ఎదురుచూశాను. మెట్టు ఉందనుకుని కాలు వేస్తే నేల తగిలినట్టయింది.

అమ్మ కూడా గమనించింది. "ఊగుతలేదేందిరా?"

"కొత్త షాక్ అబ్జార్బర్లు పెట్టించిన గదా."

"మంచిదే," అంది. కాసేపు చెరువు వైపు చూసి, "నువ్వు ఇండ్ల పండుకున్నవంటే లేస్తనే లేకుంటివి," అంది.

ఏదో పోయింది. పోలేదని నేను నటించను. సరైన పని చేసినప్పుడు నష్టమే ఉండదని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ ఊపు మళ్ళీ రాదు. వాల్వులు వెనక్కి పెట్టినా రాదు, ఎందుకంటే ఒళ్ళో తలపెట్టే వయసు వెనక్కి రాదు. ఇన్నాళ్ళూ నేను ఇనుములో దాచుకోవాలనుకున్నది ఇనుములో ఉండేది కాదు.

ఆ స్కూటీ ఆమె మళ్ళీ ఎదురైతే ఏం చెప్పాలో ఇప్పటికీ కచ్చితంగా తెలీదు. బహుశా జవాబు చెప్పే బదులు నోటుబుక్కు చూపిస్తానేమో. నిన్న ఆదివారం. పొద్దున్నే కారు కిందికి దూరి గ్రీజు కొట్టాను. మరల అంచుల్లోంచి కొత్త గ్రీజు బయటికొచ్చేదాకా కొట్టాలని ఉస్తాద్ చెప్పాడు. వచ్చింది. చేతులు తుడుచుకుని తేదీ, కిలోమీటర్లు వేసి, కింద రాశాను: ముందు నిప్పిళ్ళు అన్నీ అయినవి.